సిలిండర్ ఖాళీ అయింది గానీ గ్యాస్ ఎక్కడికీ మాయమవలేదు

ఇంటికొచ్చిన నిండు సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అయిపోయాక దాన్నే ఒంటి చేత్తో లాగి గుమ్మం పక్కన పెట్టేస్తాం. మరి ఆ 14.2 కిలోలు ఏమయ్యాయి అని పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి, నెల్లూరులో అడిగినా ఒంగోలులో అడిగినా ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "మంటగా మారిపోయింది సార్". ఇంకొంచెం బాగా చదివే పిల్లలైతే "శక్తిగా మారిపోయింది సార్" అంటారు. రసాయన చర్యలో ద్రవ్యరాశిని సృష్టించలేం, నాశనం చేయలేం అనే వాక్యాన్ని కూడా ఆ పిల్లలే తడుముకోకుండా అప్పజెప్తారు. ఈ రెండూ కలిసి నిజం కావడం కుదరదు కదా. పిల్లల్ని అనడానికి ఏమీ లేదు, డిగ్రీలు చేసిన పెద్దవాళ్లలో కూడా ఈ ముడి అలాగే ఉండిపోయింది, ఎందుకంటే ద్రవ్య నిత్యత్వం ఒక పాఠంలో, శక్తి నిత్యత్వం ఇంకో పాఠంలో, ఐన్‌స్టీన్ సమీకరణం ఎక్కడో ఇంటర్‌లో వచ్చి పడతాయి గానీ ఈ మూడింటినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించిన వాళ్లు తక్కువ.

జవాబు ముందే చెప్పేస్తాను. గ్యాస్ శక్తిగా మారలేదు. అందులోని ప్రతి కార్బన్ పరమాణువూ, ప్రతి హైడ్రోజన్ పరమాణువూ ఇప్పటికీ ఉన్నాయి, మీ వంటింటి కిటికీలోంచి బయటికి వెళ్లాయి అంతే. పైగా వెళ్లింది 14.2 కిలోలు కూడా కాదు, దానికి నాలుగున్నర రెట్లు.

లెక్క చూద్దాం. వంట గ్యాస్ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన మిశ్రమం, మనం మాత్రం సులువుగా ఉండటానికి మొత్తం బ్యూటేనే అనుకుందాం. బ్యూటేన్ అణువులో 4 కార్బన్, 10 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ వచ్చి కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్‌తో కలిసి నీరు అవుతుంది. 58 గ్రాముల బ్యూటేన్ పూర్తిగా మండాలంటే 208 గ్రాముల ఆక్సిజన్ కావాలి, మండాక 176 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 90 గ్రాముల నీరు వస్తాయి. అటు 58, 208 కలిపితే 266. ఇటు 176, 90 కలిపినా 266. ఇదే లెక్క సిలిండర్ మొత్తానికి వేస్తే 14.2 కిలోల గ్యాస్ సుమారు 51 కిలోల ఆక్సిజన్‌ను తీసుకుని 43 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను, 22 కిలోల నీటిని ఇస్తుంది.

22 కిలోల నీరంటే ఒక పెద్ద వాటర్ క్యాన్ నిండేంత. అంత నీరు మన స్టవ్ మీద పుడుతోందంటే నమ్మబుద్ధి కాదు గానీ చూడటం చాలా తేలిక. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గిన్నెను, అడుగు బాగా తుడిచి, స్టవ్ మీద పెట్టి వెలిగించండి, వెంటనే వంగి అడుగు భాగం చూడండి. మొదటి కొన్ని సెకన్లపాటు గిన్నె బయటివైపు మసక పడుతుంది, కొన్నిసార్లు సన్నటి చుక్కలు కూడా కడతాయి, గిన్నె వేడెక్కగానే అవి ఎగిరిపోతాయి. చాలామంది గిన్నె సరిగా తుడవలేదనుకుంటారు. కాదు, అది గ్యాస్‌లోని హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి అప్పటికప్పుడు తయారైన నీరు, చల్లటి లోహానికి తగిలి చెమ్మగా కనిపించింది. చేపల పులుసు ఉడుకుతున్నప్పుడు ఫ్యాన్ వేయకపోతే వంటిల్లు అంత ఉక్కగా ఎందుకుంటుందో దీంతో కొంత అర్థమవుతుంది, ఆ ఆవిరంతా పులుసులోంచి వచ్చిందే కాదు.

మనల్ని తప్పుదారి పట్టించేది గాలి. గాలికి బరువుంటుందని పుస్తకంలో చదువుతాం గానీ మనసు ఒప్పుకోదు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి 30 కిలోలకు పైనే తూగుతుంది, అంటే ఒక బియ్యం బస్తా కన్నా ఎక్కువ. కట్టె కాలినా, కొవ్వొత్తి కరిగి మండినా, పెట్రోలు పోసి ఒంగోలు నుంచి మార్కాపురం దాకా బండి మీద వెళ్లినా లోపలికి వచ్చే ఆక్సిజన్‌నీ బయటికి పోయే వాయువుల్నీ మనం తూచం, గట్టిగా కంటికి కనిపించేదాన్ని మాత్రమే తూచి "తగ్గిపోయింది" అంటాం. సముద్రం ఒడ్డున రొయ్యల గుంటల్లో ఏరియేటర్ల ఇనప ఫ్రేములు తుప్పు పడతాయి చూడండి, అక్కడ లెక్క తిరగబడుతుంది. 112 గ్రాముల ఇనుము పూర్తిగా ఐరన్ ఆక్సైడ్ అయితే 160 గ్రాములు తూగుతుంది. ఆ పెరిగిన 48 గ్రాములు గాలిలోంచి వచ్చిన ఆక్సిజన్.

ఈ తుప్పు లెక్కే ఒకప్పుడు యూరప్ రసాయన శాస్త్రవేత్తలకు పెద్ద తలనొప్పి. వస్తువు మండితే అందులోంచి ఫ్లోజిస్టన్ అనే పదార్థం బయటికి పోతుందని 18వ శతాబ్దంలో చాలామంది నమ్మారు. కట్టె విషయంలో అది బాగానే కుదిరింది, తేలికైంది కాబట్టి ఏదో పోయిందనుకోవచ్చు. లోహాన్ని కాలిస్తే మాత్రం బరువు పెరిగేది. ఏదో బయటికి పోతే బరువెలా పెరుగుతుంది? దీనికి ఫ్లోజిస్టన్‌కు రుణ బరువు, అంటే సున్నా కన్నా తక్కువ బరువు, ఉందని కూడా కొందరు చెప్పారు.

అంతకుముందు 1673లో రాబర్ట్ బాయిల్ తగరాన్ని గాజు పాత్రలో పెట్టి మూసి కాల్చాడు. చల్లారాక మూతి తెరిచి తూచాడు. బరువు పెరిగింది. మంటలోని సూక్ష్మ కణాలు గాజులోంచి దూరి లోహంలో చేరాయని తేల్చాడు. బాయిల్ చిన్నవాడేమీ కాదు, ఆ కాలంలో ఆయనకన్నా జాగ్రత్తగా ప్రయోగం చేసినవాళ్లు అరుదు, అయినా తూచడానికి ముందు మూతి తెరిచాడు, ఆ క్షణంలో బయటి గాలి లోపలికి దూరిపోయింది. 1774లో పారిస్‌లో లావోయిజియే అదే ప్రయోగాన్ని మూతి తెరవకుండా తూచి చేశాడు. కాల్చక ముందు ఎంతో కాల్చాక కూడా అంతే. ఆ తర్వాత తెరిస్తే గాలి ఈల వేసినట్టు లోపలికి దూసుకెళ్లింది, పాత్ర బరువు అప్పుడు పెరిగింది, తగరం పెరిగిన బరువూ లోపలికి వచ్చిన గాలి బరువూ సరిపోయాయి. రష్యాలో లొమొనోసోవ్ 1756లోనే ఇలాంటి ప్రయోగం చేశాడు గానీ ఆ సంగతి పశ్చిమ యూరప్‌కు పెద్దగా చేరలేదు. లావోయిజియే 1789లో తన రసాయన శాస్త్ర గ్రంథంలో ఈ నియమాన్ని స్పష్టంగా రాశాడు: చర్యకు ముందు ఎంత పదార్థం ఉందో తర్వాత కూడా అంతే ఉంటుంది. నన్నడిగితే రసాయన శాస్త్రం రసాయన శాస్త్రంగా నిలబడింది ఈ త్రాసు వల్లే, అంతకుముందు ఉన్నది చాలా వరకు వంటకాల పట్టీ.

పొగాకు పండించే మన జిల్లాల వాళ్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లావోయిజియేకు రాజుగారి తరఫున పన్నులు వసూలు చేసే సంస్థలో వాటా ఉండేది, ఆ సంస్థ చేతిలో పొగాకు వ్యాపారం కూడా ఉండేది. ఫ్రెంచి విప్లవం వచ్చాక ఆ వాటాదారుల మీద మోపిన నేరాల్లో ఒకటి పొగాకుకు అతిగా నీళ్లు పట్టించి బరువు పెంచి అమ్మారన్నది. 1794 మే 8న సహచరులతో పాటు ఆయన తల తీశారు. వేలం కేంద్రాల్లో బేలు మీద చెయ్యి పెట్టి చెమ్మ ఎంతుందో చూసే మన రైతులకు, కొనేవాళ్లకు ఆ నేరారోపణ ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక శక్తి సంగతి. దీనికి సున్నం కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, ఎందుకంటే అది ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికే వస్తుంది, ద్రవ్యరాశి లెక్కా శక్తి లెక్కా రెండూ ఒకే చుట్టులో తేలిపోతాయి. సున్నం మనకు కొత్త కాదు. ఒడ్డున దొరికే గుల్లల్ని కాల్చి చేసే గుల్ల సున్నం, రాయి కాల్చి చేసే రాతి సున్నం రెండూ తెలుసు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల సాగు చేసేవాళ్లు పంట తీశాక గుంట ఎండగట్టి అడుగున సున్నం చల్లుతారు, పీహెచ్ పెంచడానికీ రోగాలు తగ్గించడానికీ.

గుల్ల గానీ సున్నపురాయి గానీ దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. 100 కిలోలు బట్టీలో వేసి బాగా కాలిస్తే 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా బట్టీ పైనుంచి పోతాయి. ఆ పొడి సున్నం మీద నీళ్లు పోస్తే 56 కిలోలు 18 కిలోల నీటిని తమలో కలిపేసుకుని 74 కిలోల తడి సున్నం అవుతాయి. దాన్ని గోడకు వెల్ల వేస్తే నెలల తరబడి గాలిలోంచి మెల్లగా కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, పట్టుకున్న నీటిని వదిలేసి మళ్లీ 100 కిలోల కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే మీ ఇంటి గోడకున్న పాత వెల్ల రసాయనికంగా చూస్తే మళ్లీ గుల్లే.

బరువు లెక్క 100, 56, 74, తిరిగి 100. ఇప్పుడు వేడి లెక్క. బట్టీలో కిలో పొడి సున్నం తయారు కావాలంటే అది సుమారు 3,180 కిలోజౌల్స్ వేడిని మింగుతుంది. బట్టీ గోడల్లోంచి పోయే వేడి, పొగతో పోయే వేడి వేరే, ఇది రసాయన చర్య తన కోసం తీసుకునే వాటా. తర్వాత ఆ కిలో సున్నం మీద నీళ్లు పోసినప్పుడు బుసబుసమని పొంగి, ముద్ద పగిలి, ఆవిరి లేస్తుంది కదా, అప్పుడు బయటికొచ్చే వేడి సుమారు 1,160 కిలోజౌల్స్. ఆ వేడి 4 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేగలదు. సున్నం తడిపే చోటికి పిల్లల్ని రానివ్వకపోవడానికి, కంట్లో పడితే చూపే పోవచ్చని భయపడటానికి కారణం ఇదే, ఘాటూ వేడీ రెండూ ఒకేసారి పని చేస్తాయి. మిగతా 2,020 కిలోజౌల్స్ ఏమయ్యాయి? అవి గోడ మీద వెల్ల గట్టిపడేటప్పుడు బయటికి వస్తాయి, కాకపోతే నెలల మీద కొంచెం కొంచెంగా వస్తాయి కాబట్టి గోడ ముట్టుకున్నా తెలియదు. 1,160, 2,020 కలపండి. 3,180.

ఏ పొయ్యి లేకుండా తొట్టిలో నీళ్లు కుతకుతలాడించిన వేడి ఎక్కడిది అంటే, ఎప్పుడో ఎక్కడో బట్టీలో తగలబెట్టిన బొగ్గుది. అది సున్నంలో దాక్కుని లారీ ఎక్కి గుంట గట్టు దాకా వచ్చింది. ఒక చోటి నుంచి బయల్దేరి ఎన్ని మలుపులు తిరిగి మళ్లీ అక్కడికే చేరినా వేడి జమ, ఖర్చు సరిసమానం, దారి మారితే మొత్తం మారదు. దీన్ని 1840లో జెర్మెయిన్ హెస్ నియమంగా చెప్పాడు, పిల్లలు ఇంటర్‌లో హెస్ నియమం అని చదివేది ఇదే. సున్నం చుట్టుతో చెప్పి ఉంటే ఆ లెక్కలు అంత టెన్షన్ పెట్టేవి కావని నా గట్టి నమ్మకం.

శక్తి లెక్క ద్రవ్యరాశి లెక్కకన్నా యాభై ఏళ్లు వెనకపడి దొరికింది, కారణం స్పష్టమే, వేడిని త్రాసులో పెట్టలేం. మయర్ అనే జర్మన్ డాక్టరు ఓడలో జావా వెళ్లి, 1840లో అక్కడి నావికులకు రక్తం తీసినప్పుడు సిరల్లోని రక్తం అనుకున్నంత నల్లగా లేకుండా ఎర్రగా ఉండటం చూశాడు. వేడి ప్రాంతంలో ఒంటిని వెచ్చగా ఉంచడానికి శరీరం తక్కువ తిండిని మండిస్తే చాలు, ఆక్సిజన్ తక్కువ ఖర్చవుతుంది, అందుకే రక్తం ఎర్రగా మిగిలింది అని ఊహించాడు. అక్కడి నుంచి తిండి, ఒంటి వేడి, చేసే పని అన్నీ ఒకే లెక్కలోవని 1842లో రాశాడు. జౌల్ కొలతలు తీసి చూపించాడు, 1847లో హెల్మ్‌హోల్ట్జ్ మొత్తానికీ గణిత రూపం ఇచ్చాడు. మే నెలలో నెల్లూరు ఎండల్లో తిండి సయించకపోవడానికి ఇదొక్కటే కారణమని నేను చెప్పను గానీ మయర్ చూపు మాత్రం అబ్బురం.

ఇప్పుడు అసలు చిక్కు: ఆ శక్తి ఇంధనంలో ఎక్కడ ఉంటుంది? "బంధాల్లో దాగి ఉంటుంది, బంధం తెగితే బయటికొస్తుంది" అని చాలా గైడుల్లో, వీడియోల్లో చెప్తున్నారు. ఇది తప్పు, నాకు బాగా బాధ కలిగించే తప్పు. బంధం తెంచడానికి మనమే శక్తి పెట్టాలి. బంధం ఏర్పడినప్పుడు శక్తి వస్తుంది. బావి గట్టు మీది రాయిని తలుచుకోండి, లోపలికి పడితే దబ్బుమని చప్పుడు, నీళ్లు చిమ్ముతాయి, అదే రాయిని పైకి తీయాలంటే మన చేతులు నొప్పెట్టాలి. పరమాణువులు కలవడం పడటం లాంటిది, విడదీయడం పైకి లాగడం లాంటిది. మంట అంటే లోతు తక్కువ బావుల్లో ఉన్న రాళ్లను కొంచెం ఖర్చుతో పైకి లాగి ఇంకా లోతైన బావుల్లో పడేయడం, మిగులు వేడిగా వస్తుంది.

దీనికి లెక్క శ్రీహరికోటలో ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ నెల్లూరు వాళ్లం ఇప్పటికీ మనదే అనుకుంటాం, రాకెట్ ఎగిరిన రోజు మిద్దెల మీదికి ఎక్కి చూస్తాం. 2023 జూలై 14న చంద్రయాన్-3ని తీసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ పై అంచెలో మండింది ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. రెండు మోల్‌ల (అంటే 4 గ్రాముల) హైడ్రోజన్‌లో బంధాలు తెంచడానికి 872 కిలోజౌల్స్, ఒక మోల్ (32 గ్రాముల) ఆక్సిజన్‌లో బంధాలు తెంచడానికి 498, మొత్తం ఖర్చు 1,370. ఆ పరమాణువులు కలిసి రెండు మోల్‌ల నీటి ఆవిరి అయినప్పుడు కొత్తగా ఏర్పడే బంధాల నుంచి వచ్చేది సుమారు 1,852. తేడా 482 కిలోజౌల్స్, అదే మనకు దక్కే వేడి. గ్యాస్ స్టవ్ తిప్పగానే దానంతట అది మండకపోవడానికి, లైటర్ నొక్కాల్సి రావడానికి కూడా కారణం ఈ మొదటి ఖర్చే, మొదట కొన్ని అణువుల బంధాలు తెంచిపెడితే వాటి వేడి మిగతా వాటిని చూసుకుంటుంది. ఇంకో మాట, ఆక్సిజన్ అణువులోని బంధం రెండు చేతుల బంధమైనా దాని స్థాయికి బలహీనమైనది. శక్తి అంతా గ్యాస్‌లోనే ఉన్నట్టు మాట్లాడతాం గానీ అది గ్యాస్, ఆక్సిజన్ ఇద్దరి ఉమ్మడి ఆస్తి. ఆక్సిజన్ లేని చోట సిలిండర్ ఉత్త బరువు. రాకెట్ ఆ సంగతి తెలిసే తన ఆక్సిజన్‌ను తానే మోసుకెళ్తుంది, కాబట్టి దాని బరువు లెక్క మన స్టవ్‌కన్నా తేలిక, బయటి నుంచి ఏదీ కలవదు, ట్యాంకుల్లో ఎంత తగ్గిందో అంతా కింద నాజిల్‌లోంచి బయటికి పోయిందే.

శక్తి నాశనం కాకపోతే మళ్లీ మళ్లీ కట్టె ఎందుకు కొనాలి అని అడిగేవాళ్లుంటారు, చాలా మంచి ప్రశ్న. కొండపి, టంగుటూరు, పొదిలి, కలిగిరి వైపు వర్జీనియా పొగాకు బ్యారన్ (పచ్చాకును వేడితో ఎండబెట్టే గది) ఒకటి తీసుకుందాం. ఆరేడు కిలోల పచ్చాకు క్యూరింగ్ అయ్యేసరికి కిలో ఎండాకు మిగులుతుంది. పోయినదాంట్లో ఎక్కువ భాగం నీరు. కొంచెం మాత్రం నీరు కాదు, ఆకు పసుపు రంగుకు తిరిగే మొదటి రోజుల్లో అది ఇంకా బతికే ఉంటుంది, ఊపిరి తీస్తూ తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి కొంత చక్కెరను కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తుంది, ఆ పాటి బరువు ఎప్పటికీ తిరిగి రాదు. అందుకే ఆ దశ మరీ సాగితే తూకం దెబ్బతింటుంది.

ఆరు కిలోల నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 14 మెగాజౌల్స్ చాలు. కిలో ఎండాకుకు నాలుగైదు కిలోల కట్టె తగలబెడతారు, కిలో ఎండు కట్టె సుమారు 15 మెగాజౌల్స్ ఇస్తుందనుకుంటే పొయ్యిలో పుట్టిన వేడి 60 నుంచి 75 మెగాజౌల్స్. అంటే ఆకుకు అందింది ఐదో వంతు. మిగతాది గొట్టం చివర పొగతో, గోడల్లోంచి, పైకప్పు సందుల్లోంచి, చెమ్మ పోవడానికి తెరిచిన కిటికీల్లోంచి వెళ్లి ప్రకాశం జిల్లా గాలిని పిసరంత వేడెక్కించింది. అది నాశనం కాలేదు, కానీ అంత పలచగా చెదిరిపోయిన వేడిని మళ్లీ పోగుచేసి ఇంకో బ్యారన్ ఆకు ఎండబెట్టడం సాధ్యం కాదు. శక్తి మొత్తం మారదు, పనికొచ్చే శక్తి తరుగుతూనే ఉంటుంది, మనం డబ్బు పెట్టి కొనేది ఆ రెండోదాన్ని. పచ్చికట్టె పెడితే పొగే గానీ సెగ ఉండదని బ్యారన్ దగ్గర అనుకునే మాటకు లెక్క కూడా ఇక్కడే ఉంది. కిలో పచ్చికట్టెలో సగం నీరే అయితే మండేది అరకిలో, వచ్చే ఏడున్నర మెగాజౌల్స్‌లో మళ్లీ ఒకటింపావు పైగా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఎండు కట్టెలో సగం కూడా దక్కనట్టు.

బ్యారన్‌కు తెచ్చే జామాయిల్, తుమ్మ కట్టె అసలు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి, ఎందుకంటే అదే మంట వెనక్కి తిరిగిన రూపం. వాన్ హెల్మాంట్ అనే ఆయన 200 పౌన్ల ఎండుమట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి 5 ఏళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లయింది, మట్టి తగ్గింది 2 ఔన్సులు. చెట్టంతా నీటితో తయారైందని ఆయన అనుకున్నాడు, ఆయన పోయాక 1648లో ఆ సంగతి అచ్చయింది. నీటి వాటా ఉంది, కానీ కట్టెలోని కార్బన్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చింది. చెట్టు ఎండ సాయంతో ఆ రాళ్లను లోతైన బావుల్లోంచి పైకి లాగి పెడుతుంది, మనం పొయ్యిలో వాటిని తిరిగి పడేస్తాం. కనిగిరి వైపు ఎర్రనేలల్లో, వానలు అంతంతమాత్రంగా పడే చోట కూడా చెట్టు బరువెక్కుతుందంటే దాని సరుకు చాలా వరకు నేలలోంచి కాదు, ఆకుల మీదుగా పోయే గాలిలోంచి.

ఇంత చెప్పాక ఐన్‌స్టీన్ మాట ఎత్తకుండా ఉండలేం. 1905లో ఆయన చూపించిన ఇ=ఎంసీ స్క్వేర్ (శక్తి అంటే ద్రవ్యరాశిని కాంతి వేగంతో రెండుసార్లు గుణించినంత) ప్రకారం శక్తి బయటికి పోతే దాంతో పాటు ద్రవ్యరాశి కూడా కొంత పోవాలి. అది అణుబాంబులకే వర్తిస్తుందనుకోవడం పొరపాటు, మన స్టవ్‌కూ వర్తిస్తుంది. మరైతే "గ్యాస్ శక్తిగా మారింది సార్" అన్న పిల్లాడిదే ఒప్పా? అంకె చూసి చెప్పండి. 14.2 కిలోల గ్యాస్ మండితే వచ్చే వేడి సుమారు 650 మెగాజౌల్స్. దానికి సరిపడే ద్రవ్యరాశి గ్రాములో లక్షోవంతు కూడా కాదు, 7 మైక్రోగ్రాములు. ఆ తేడా కోసం ఏ పరమాణువూ మాయమవదు. కార్బన్లు, హైడ్రోజన్లు, ఆక్సిజన్లు ఎన్ని ఉండాలో అన్నీ ఉంటాయి, గట్టిగా కట్టుకున్న బంధాలతో ఉన్న అణువుల గుంపు వదులు బంధాలతో ఉన్న గుంపుకన్నా అంత పిసరు తేలిగ్గా ఉంటుంది, అంతే.

ఇంకా పెద్ద పొయ్యి కావాలంటే కృష్ణపట్నం పక్కన నేలటూరులో ఉన్న దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం చూడండి. అందులో ఒక యూనిట్ సామర్థ్యం 800 మెగావాట్లు. అది 24 గంటలు పూర్తిగా నడిస్తే 1 కోటి 92 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. బొగ్గు వేడిలో 40 శాతం కరెంటుగా మారుతుందని లెక్కేస్తే పుట్టిన మొత్తం వేడి 4 కోట్ల 80 లక్షల యూనిట్లు. మన దేశపు బొగ్గయితే దానికి పది వేల టన్నుల దాకా కావాలి. ఆ రోజంతటికీ ఐన్‌స్టీన్ లెక్కలో తగ్గే ద్రవ్యరాశి ఎంతో తెలుసా, రెండు గ్రాముల లోపు. వేల టన్నుల బొగ్గు, అంతకు మించిన ఆక్సిజన్ బాయిలర్‌లోకి వెళ్లి అదే బరువుతో వాయువులుగా, బూడిదగా బయటికొస్తే తేడా ఒక చిన్న ఉంగరం అంత కూడా లేదు. ఆ రెండు గ్రాములు కూడా లోకంలోంచి పోలేదు, కరెంటు ఎవరింటికి వెళ్లిందో, వేడి ఏ గాలిలో కలిసిందో ఆ వాటా ద్రవ్యరాశి అక్కడికి చేరింది. వేడి కూడా బయటికి పోకుండా మొత్తాన్ని ఒక పెట్టెలో మూసి తూచగలిగితే ముల్లు ఇసుమంత కదలదు. కాబట్టి రెండు నియమాల మధ్య గొడవ లేదు, రెండూ కలిపి చూస్తే ఒకటే నియమం, రసాయన చర్యల స్థాయిలో మాత్రం వాటిని విడివిడిగా వాడుకోవడంలో ఏ ప్రమాదమూ లేదు.

ఆ తేడాను త్రాసుతో పట్టుకోవాలని నిజంగానే పూనుకున్నాడు ఒకాయన, అది కూడా ఐన్‌స్టీన్ కన్నా ముందు మొదలుపెట్టి. బెర్లిన్‌లో హాన్స్ ల్యాండోల్ట్ రెండు కాళ్ల గాజు గొట్టం తీసుకుని ఒక్కో కాలిలో ఒక్కో ద్రావణం పోసి, మూతులు కరిగించి మూసి, తూచి, వంచి రెండూ కలిపి, చల్లారాక మళ్లీ తూచేవాడు. 1890లలో మొదలుపెట్టి 1908 దాకా పట్టు వదల్లేదు. మొదట్లో బరువు కొంచెం తగ్గినట్టు కనిపించింది. ఎవరైనా అయితే సంబరపడి ప్రకటించేసేవాళ్లు, ఆయన మాత్రం వేడికి గాజు వ్యాకోచించడం, గాజు పైనున్న చెమ్మ పొర ఎగిరిపోవడం లాంటి కారణాలన్నీ ఒక్కొక్కటే వెతికి పట్టుకుని తీసేశాడు. అవి తీసేశాక మిగిలిన తేడా ఆయన పొరపాటు హద్దు లోపలే, అంటే కోటిలో ఒక వంతుకు మించి లేదు. మంటలాంటి తీవ్రమైన రసాయన చర్యలో కూడా ఐన్‌స్టీన్ లెక్క చెప్పే తేడా వెయ్యి కోట్లలో ఒక వంతు, ల్యాండోల్ట్ త్రాసు చూడగలిగినదానికి ఇంకో వెయ్యి రెట్లు చిన్నది.